జెవోదాన్ మృగం: రాజముద్ర వేసి మూసేసిన దస్త్రం

తోడేలుకున్న చట్టరక్షణను యూరోపియన్ యూనియన్ 2025లో ఒక మెట్టు తగ్గించింది. దాంతో ఫ్రాన్సులో గొర్రెల కాపరులకూ తోడేళ్ల పక్షం వహించేవారికీ ఉన్న పాత తగవు మళ్లీ రాజుకుంది. ఆ తగవు రేగినప్పుడల్లా ‘జెవోదాన్ మృగం’ పేరు బయటికొస్తుంది. దక్షిణ ఫ్రాన్సులో ఒకప్పటి జెవోదాన్, అంటే నేటి లోజేర్ ప్రాంతపు కొండల్లో 1764 నుంచి మూడేళ్లపాటు దాదాపు వంద మందిని, ముఖ్యంగా పశువులు కాచుకునే పిల్లలనూ స్త్రీలనూ, పొట్టన పెట్టుకున్న జంతువు అది. ఈ సంగతి అందరూ చెప్పేదే. దాని చుట్టూ ఇంత మిస్టరీ ఎలా అల్లుకుందో మాత్రం ఎవరూ చెప్పరు.

అసలు మలుపు 1765 సెప్టెంబరు 21న వచ్చింది. ఫ్రాన్సు రాజు పదిహేనో లూయీ పంపిన వేట అధికారి ఫ్రాన్స్వా ఆంత్వాన్ ఆ రోజు షాజ్ మఠం అడవిలో ఒక భారీ తోడేలును కాల్చి చంపాడు. కళేబరం రాజు కొలువుండే వెర్సాయ్ చేరింది, రాజు చూశాడు, మృగం పీడ విరగడైందని ప్రకటన వెలువడింది. డిసెంబరులో దాడులు మళ్లీ మొదలయ్యాయి. ఆస్థానం చెవికెక్కించుకోలేదు. రాజుగారి లెక్కలో ఒకసారి చచ్చిన మృగం మళ్లీ మనుషులను చంపడానికి వీల్లేదు మరి! ఏడేళ్ల యుద్ధం 1763లో ముగిశాక వార్తల కరవులో పడి ఈ మృగాన్ని పెంచి పోషించిన పత్రికలూ మొహం చాటేశాయి.

అందుకే 1767 జూన్ 19న జాన్ షాస్తెల్ అనే స్థానికుడు కాల్చిన జంతువుకు వెర్సాయ్‌లో ఆదరణ కరవైంది. వేసవి వేడికి కళేబరం కుళ్లిపోయింది. నేడు పరీక్షించడానికి ఒక్క ఎముకైనా లేదు. ఆ ఖాళీలోనే ఊహలన్నీ మొలిచాయి: దుమ్ములగొండి, మనిషి ఉసిగొల్పిన సంకరజాతి కుక్క, ఈమధ్య జూలు పూర్తిగా రాని మగ సింహం. ఎర్రటి ఒళ్లు, వీపుమీద నల్లచార అన్న సాక్షుల వర్ణనలే సింహవాదులకు ఆధారం.

అయితే షాస్తెల్ చంపిన జంతువును అప్పుడే పరిశీలించి, మారాఁ అనే నోటరీ కొలతలన్నీ రాసిపెట్టాడు. మరుగునపడిన ఆ నివేదిక 1950లలో బయటపడింది. పై దవడలో 20 పళ్లు, కింది దవడలో 22. మొత్తం 42: తోడేలుకైనా కుక్కకైనా ఉండేవి అన్నే. సింహానికి 30, దుమ్ములగొండికి 34. కాల్చింది అసలు మృగాన్ని కాదేమోనన్న వాదన ఒకటి మిగిలింది. కానీ దాన్ని చంపాక ఆ దాడులు ఆగిపోయాయి.

తోడేలును కాపాడాలనుకునేవారికి సింహం కథ అవసరమే లేదు. ఒంటరిగా పశువులు తోలుకెళ్లే చిన్నపిల్లలు ఇప్పుడు ఆ కొండల్లో కనిపించరు. 1992లో ఇటలీ వైపు నుంచి ఆల్ప్స్ కొండల్లోని మెర్కంతూర్‌కు తిరిగొచ్చిన తోడేళ్లు ఫ్రాన్సులో ఒక్క మనిషినీ చంపలేదు. గొర్రెలను మాత్రం ఏటా వేలల్లో చంపుతున్నాయి. కాపరుల గొడవంతా దాని గురించే.