బ్లిట్జ్‌లో ఐదు సెకన్లు

కర్నూలులో ఆదివారం చెస్ టోర్నమెంట్ అయిపోయి బహుమతుల కోసం ఎదురుచూసేటప్పుడు ఇద్దరు ఓ మూల బోర్డు పరుచుకుంటారు. ఒకరు నడివయసు ఉద్యోగి, ఇంకొకరు ఇంటర్ కుర్రాడు. చెరో 3 నిమిషాలు, ఎత్తుకు 2 సెకన్లు అదనం; ఇలాంటి వేగపు ఆటనే బ్లిట్జ్ అంటారు. "సార్, టైం చూసుకోండి" అంటాడు కుర్రాడు. ఆట 60 ఎత్తులు సాగితే ఒక్కొక్కరికి మొత్తం 300 సెకన్లు, అంటే ఎత్తుకు సగటున 5 సెకన్లే. ఎత్తు వేసిన చేత్తోనే క్లాక్ నొక్కాలి కాబట్టి అందులోనూ కొంత చేతికే పోతుంది.

ఆ కాస్త టైంలో లోతుగా లెక్క కట్టడం కుదరదు. మరి మంచి ఎత్తు ఎలా తడుతుంది? 1973లో అమెరికాలో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ అనే మనస్తత్వ పరిశోధకులు నిజమైన ఆటల్లోని స్థితులను సరిగ్గా 5 సెకన్లే చూపించి, గుర్తున్నంతవరకు పావుల్ని మళ్లీ పేర్చమన్నారు. మాస్టర్ స్థాయి ఆటగాడు సుమారు 16 పావులు సరిగ్గా పెట్టాడు, కొత్తగా నేర్చుకున్నవాడు దాదాపు 4. అవే పావుల్ని గజిబిజిగా పెట్టి చూపిస్తే మాస్టర్ ఆధిక్యం దాదాపు పోయింది. క్యాస్లింగ్ చేసిన (అంటే ఏనుగుతో కలిపి ఒకే ఎత్తులో పక్కకు జరిపిన) రాజు, ముందు మూడు బంట్లు, పక్కన గుర్రం: తెలిసిన ముఖాన్ని గుర్తుపట్టినట్టు మాస్టర్ కంటికి ఇదంతా ఒకే ఆకారం. బ్లిట్జ్‌లో చెయ్యి కదిలేది ఎక్కువగా ఈ గుర్తింపుతోనే.

కానీ ఆ గుర్తింపే అడ్డం కూడా పడుతుంది. 2008లో మెరిమ్ బిలాలిచ్ అనే పరిశోధకుడి బృందం మంచి ఆటగాళ్ల ముందు ఒక స్థితి పెట్టింది. మంత్రిని బలిచ్చి, సొంత పావుల మధ్యే ఇరుక్కున్న రాజుకు గుర్రంతో మేట్ చెప్పడం అందరికీ తెలిసిన దారి, దానికి 5 ఎత్తులు. 3 ఎత్తుల్లో ముగించే దారి ఇంకొకటి ఉంది. తెలిసిన దారి దొరికాక, ఇంతకంటే చిన్నది వెతుకుతున్నామనే వాళ్లు చెప్పారు. కంటి కదలికలను కొలిచే పరికరం చూస్తే, వాళ్ల చూపు మొదటి ఆలోచనకు సంబంధించిన గడుల మీదికే మళ్లీ మళ్లీ వెళ్లింది! స్థితిని కాస్త మార్చి తెలిసిన దారి మూసేస్తే, అలాంటి ఆటగాళ్లకే చిన్న దారి కనబడింది.

బ్లిట్జ్ ఆటను పాడుచేస్తుందని మన దగ్గర చాలామంది పెద్దలంటారు. నేను ఒప్పుకోను. నష్టమల్లా ఫ్లాగ్ పడగానే, అంటే క్లాక్‌లో టైం అయిపోగానే, పావులు సర్దేసి ఇంకో ఆట మొదలుపెట్టడంలో ఉంది. బ్లిట్జ్‌లో ఎత్తులు రాసుకోవాల్సిన పనిలేదు, అందుకే ఆ స్థితి అక్కడే మాయమైపోతుంది. సర్దేముందు ఆట తిరిగిన చోటును బోర్డు మీద మళ్లీ పెట్టి, క్లాక్ ఆపేసి, మొదట తట్టిన ఎత్తు వేయకూడదని ఇద్దరూ ఒప్పుకుని వెతికితే చాలు.