ఉత్త తిరగలి

చిన్నీ, బుజ్జిగా,

మొన్న ఫోన్లో చిన్ని అడిగిన మాటకి “పెద్దాళ్ళ గొడవలే, పోయి పడుకో” అన్నాను. తీరా నిద్ర పట్టనిది నాకే. “తాతయ్యా, నాన్నా పక్కవీధి మామయ్యా ఒకే బెంచీ అంటగా. పెళ్ళిలో ఎదురుపడి కూడా మొహం తిప్పుకున్నారు. ఓటు వేరేవాళ్ళకి వేస్తే మాట్లాడకూడదా?” అన్నావు.

ఎవరు ఏ పార్టీయో ఇక్కడ రాయను. రాస్తే మీ నాన్న ఉత్తరం సగంలోనే మడిచేస్తాడు. 2024లో మే 13న ఓట్లు వేశాం, జూన్ 4న లెక్కపెట్టారు. నడుమ ఉన్న 22 రోజుల్లో వాళ్ళ టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపు రెండు ముక్కలైంది. నాకు తెలిసింది అంతే.

మీ పెరట్లో మందారం కుండీ కింద ఒక రాయి ఉంది చూశారా? అది కుండీ పీట కాదు, మా నాయనమ్మ తిరగలి. కింది రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది. రెండింటికీ ఎప్పుడూ పడదు, అందుకే కందులు బద్దలవుతాయి. రాళ్ళు నున్నబడితే గింజ నలగదు. “తిరగళ్ళకి గంట్లు పెడతామమ్మా” అని వీధిలో కేకేస్తూ వచ్చేవాళ్ళని పిలిచి, డబ్బులిచ్చి మరీ గరుకు చేయించుకునేవాళ్ళం. అందరూ అన్నిటికీ తలూపితే అది నున్నటి తిరగలి, చిన్నీ. దాంతో ఏ పనీ కాదు.

కానీ నేను ఆటకి ఉత్త తిరగలి తిప్పితే నాయనమ్మ వీపు మీద ఒకటిచ్చేది. గింజ లేకపోతే రాయిని రాయే తింటుంది. ఆ తర్వాత విసిరిన పిండిలో ఇసుక పడి, అన్నంలో కరకరమంటుంది.

మా చిన్నప్పుడు గింజలకి కొదవ లేదు. మాది గుంటూరు జిల్లా, సాగర్ కుడికాలవ తవ్వుతున్న రోజులు. మా నాన్న కాంగ్రెస్సు. ఎదురింటాయన కమ్యూనిస్టు, మేమంతా ఆయన్ని ‘విశాలాంధ్ర మామ’ అనేవాళ్ళం. నాన్నకి ఆంధ్రపత్రిక, ఆయనకి విశాలాంధ్ర పొద్దున బస్సులో వచ్చేవి. మధ్యాహ్నం అరుగు మీద పేపర్లు మార్చుకుని యుద్ధం మొదలెట్టేవాళ్ళు. కాలవ నీళ్ళు ముందు ఎవరి చేలకి, విశాఖకి ఉక్కు ఫ్యాక్టరీ ఢిల్లీ ఇస్తుందా ఇవ్వదా, ఇలాంటివే. అమ్మ రెండోసారి కాఫీ పెట్టిందంటే యుద్ధం ఇంకా ఉందని లెక్క.

1967 ఎన్నికల నాటికి నాకు పదేళ్ళు. అప్పుడు కాంగ్రెస్సు గుర్తు కాడెద్దులు. మామ మా ఎడ్లబండే ఎక్కి వెళ్ళి కంకి కొడవలికి ఓటేసొచ్చాడు. దారంతా నాన్న నవ్వుతూనే ఉన్నాడు.

అలాగని వాళ్ళని దేవుళ్ళనుకోకండి. ఒకరోజు చెప్పడానికి ఏమీ మిగల్లేదు కాబోలు, నాన్న “అప్పు తీర్చలేనోడివి, నువ్వు దేశానికి లెక్కలు చెబుతావా?” అన్నాడు. అదే ఉత్త తిరగలి. మామ లేచి, తన పేపరు తను తీసుకుని వెళ్ళిపోయాడు. తొమ్మిది రోజులు నాన్న ఒకే పేపరు రెండుసార్లు చదివాడు. పదోరోజు దాన్ని నా చేతికిచ్చి “ఇచ్చిరా, ఏం మాట్లాడకు” అన్నాడు. మామ గడపలో నిలబడి ఆ నాలుగు పేజీలూ తిరగేశాడు. లోపలికెళ్ళి, కాసేపటికి తన పేపరు తెచ్చిచ్చాడు. దాని అంచున పెన్సిల్‌తో ఏదో రాసుంది. దారిలో చదివాను: “మూడో పేజీ చూడు, మీ మంత్రి ఏం కూశాడో.”

నాన్న అది చదివి కండువా భుజాన వేసుకుని ఎదురింటికి వెళ్ళాడు.

ఇంకొకటి, ఇది మీ స్కూల్లో చెప్పండి. 1952లో అనంతపురంలో కాంగ్రెస్ నుంచి నీలం సంజీవరెడ్డి, కమ్యూనిస్టుల నుంచి తరిమెల నాగిరెడ్డి పోటీపడ్డారు. వాళ్ళు బావాబావమరుదులు! నాగిరెడ్డి జైల్లో ఉండే గెలిచారు. ఓడిన బావ తర్వాత ముఖ్యమంత్రి అయ్యారు, 1977లో రాష్ట్రపతి కూడా అయ్యారు.

మరి ఇప్పుడేమైంది అంటావా? ఇప్పుడు తిరగలి తిప్పే పిడి ఫోను చేతిలో ఉంది. ఎవడికి ఏది చూపిస్తే ఒళ్ళు మండుతుందో అదే చూపిస్తుంది. మీ నాన్న పేపరు మామయ్య చూడడు, ఆయనది మీ నాన్న చూడడు. అయితే తిరగలిలో పిడి ఎప్పుడూ మనిషి చేతిలోనే ఉంటుంది కదా తాతయ్యా అని బుజ్జిగాడు అడుగుతాడు. నిజమేరా, నా పోలిక అక్కడ కుంటింది. నన్ను కూడా అడగండి, మీ తాత ఆ 22 రోజుల్లో ఎవరి ఫోన్ ఎత్తలేదో. ఇంకా ఎత్తలేదు.

పై రాయి ఎత్తితే కింది రాతి నడుమ చిన్న మేకు కనిపిస్తుంది. చిటికెన వేలంత ఉంటుందేమో. అంత బరువు రాయి దాని చుట్టూనే అన్నేళ్ళు ఎలా తిరిగిందో నాకు ఇప్పటికీ వింతే. ఈ ఆదివారం కుండీ పక్కకి జరిపి చూడండి. పిడికెడు కందులు దగ్గర పెట్టుకోండి.

రాయి బరువు, మీ నాన్న ఒక్కడి వల్ల కాదు. పక్కవీధి మామయ్యని సాయం పిలవండి.

మీ తాతయ్య