మీర్ ఆలం గట్టు: అర్ధవృత్తంలోనే ఉంది కిటుకు

పాత రాతిగోడ బీటలిస్తే మన దగ్గర ముందు దిగేది సిమెంటు బస్తా. హైదరాబాదులోని మీర్ ఆలం చెరువు గట్టుకు అది ఎందుకు చేటో తెలియాలంటే ఆ గట్టు లేచిన తీరు చూడాలి.

నిజాం సికందర్ జా దివాను (ప్రధానమంత్రి) మీర్ ఆలం 1804లో దీనికి పునాది వేయించాడు; రెండేళ్లలో పని ముగిసింది. 1908 మూసీ వరదల తర్వాత ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాలు వచ్చేదాకా నగరం తాగిన నీళ్లలో దీని వాటా పెద్దది. రూపకర్త ఎవరన్నది ఇంకా వాదమే: కొందరు ఫ్రెంచి ఇంజినీర్లంటారు, కొందరు హెన్రీ రస్సెల్ అనే ఆంగ్లేయుడంటారు. గోడను చదవడమే నయం.

ఎత్తు సుమారు 12 మీటర్లు. నీటివైపు ఉబ్బిన 21 అర్ధవృత్తపు కమాన్లు, వాటి నడుమ ఆనుగోడలు. 1578 నాటి పురానాపూల్ లాంటి వంతెన కమానుకైతే నడినెత్తి రాయి పడేదాకా కింద చెక్క చట్రం ఉండాల్సిందే. ఇక్కడ కమాను నేలమీద పడుకుని ఉంది. ప్రతి వరస కింది వరస మీదే కూర్చుంటుంది కాబట్టి కలప పరంజాకే సరిపోతుంది. గుండ్రం గీయడానికి మేకు, తాడు చాలు.

అసలు తెలివి అర్ధవృత్తంలో ఉంది. చదునైన కమాను పక్క కమానును నెడుతుంది. ఒకటి పోతే వరసగా పోతాయి. అర్ధవృత్తం చివర నెట్టుడు నేరుగా ఆనుగోడలోకి, దిగువకే పోతుంది. అందుకే కమాన్ల వెడల్పులు సమానంగా లేకున్నా ఇబ్బంది లేదు. ఒక లెక్క చూడండి: 10 మీటర్ల లోతున చదరపు మీటరుకు 10 టన్నుల ఒత్తిడి. వ్యాసార్ధం 20 మీటర్లు అనుకుంటే మీటరు ఎత్తుకు 200 టన్నుల నెట్టుడు. గోడ మందం 2 మీటర్లుంటే చదరపు మీటరుకు 100 టన్నులు. సున్నపు కట్టుబడికి అది మోయగల బరువే, సున్నం లోపల గట్టిగా ఉన్నంతకాలం.

చెక్క ఆనకట్టలు తవ్వేవాళ్లకు తేదీ చెప్పే చెట్టు వలయాలుంటాయి. ఇక్కడ సున్నంలో చిక్కిన బొగ్గుకు రేడియోకార్బన్ (కార్బన్‌తో వయసు తేల్చే) పరీక్ష చేయించడం దండగ: 1650 తర్వాతి కాలానికి ఒక తేదీ బదులు మూడు నాలుగు తేదీల పరిధులొస్తాయి. గట్టు లేచిన క్రమం తెలియడానికి పనికొచ్చేది అతుకు. కమాను, ఆనుగోడ రాళ్లు ఒకదానిలోకొకటి దిగాయా, లేక నిట్టనిలువు సందుందా? సందుంటే రెండూ విడివిడిగా లేచాయన్నమాట. తర్వాత దిగువ వైపు నుంచి అడ్డంగా కోర్ (కడ్డీలాంటి నమూనా) తీసి, ఆ గచ్చును ఆమ్లంలో కరిగిస్తే మిగిలే ఇసుక బరువు, సున్నం ఇసుకల పాళ్లు చెబుతుంది. మామూలు ఇసుక కలిపి ఉంటేనే ఈ లెక్క నమ్మాలి. సుర్ఖీ (ఇటుక పొడి) ఉంటే సూక్ష్మదర్శిని కావాలి.

సిమెంటు పూతతో నీరు లోపలే చిక్కి సున్నాన్ని కరిగిస్తుంది. దిగువన తెల్లటి చారలు దానివే. పైగా సిమెంటు బిరుసుగా ఉండి బరువంతా రాతి అంచుకు తెస్తుంది, అంచు పెచ్చులూడుతుంది. రావి వేరును లాగితే రాయీ వస్తుంది, కోసి చంపాలి. రాళ్ల మధ్య సందును వెడల్పుకు రెండింతల లోతు గోకి, తడిపి, గానుగ సున్నం కూరి, తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి. నీటిమట్టం తగ్గిన ఎండాకాలమే దీనికి వీలు. ఆ ఎండకు పట్టాలు గంటల్లో ఆరిపోతాయి. బిల్లులో తడిపే కూలీ లేకపోతే పని చెడినట్టే.