గ్రహణం మీద నెట్టేసిన లెక్క

పై పెదవి చీలి పుట్టిన బిడ్డను చూస్తే మా శ్రీకాకుళం వైపు పెద్దవాళ్లు ముందు అడిగేది ఒకటే: "గ్రహణం రోజు బయటకెళ్లావేటి?" మంచం మీద ఉన్న పచ్చి బాలింత, తొమ్మిది నెలల్లో తను చేసిన తప్పేమిటా అని వెతుక్కుంటుంది. కత్తిపీట పట్టుకున్నానా, ఆకాశంకేసి చూశానా? గ్రహణం మొర్రి అనే పేరులోనే నేరం ఆమె మీద పడిపోయింది. నిజానికి గ్రహణానికీ ఆ చీలికకీ ఏ సంబంధమూ లేదు.

పుట్టుకలోపాల కారణాలు కొన్నయినా బయటపడింది శ్రద్ధగా చూసి, రాసి, లెక్కపెట్టినప్పుడే. 1941లో సిడ్నీలో కంటి డాక్టరు నార్మన్ గ్రెగ్ దగ్గరికి పుట్టుకతోనే శుక్లాలున్న పసిపిల్లలు వరసగా వచ్చారు. తల్లులను అడిగితే, చాలామందికి గర్భం తొలి నెలల్లో రుబెల్లా అనే దద్దుర్ల జ్వరం వచ్చిందని తేలింది. మన పిల్లలకు 2017 నుంచి తట్టుతో కలిపి రుబెల్లా టీకా వేస్తున్నారంటే దాని మూలం అక్కడుంది.

అయినా ప్రపంచం మేలుకోవడానికి ఇంకా పెద్ద దెబ్బే తగిలింది. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే మాత్ర అమ్మకానికి వచ్చింది. వేవిళ్లకూ వాడారు. కాళ్లూ చేతులూ సరిగా ఏర్పడని పిల్లలు పుట్టసాగారు. 1961 చివర్లో అక్కడ మాత్రను ఆపేసేసరికి నాలుగేళ్లు గడిచిపోయాయి. బాధిత శిశువులు పదివేలకు పైనే అని అంచనా. ఎన్ని కాన్పులకు ఎన్ని లోపాలో ఎవరైనా ఎప్పటికప్పుడు రాస్తూ ఉంటే ఆ పెరుగుదల ముందే కంటపడేది. ఆ తర్వాత చాలా దేశాలు పుట్టుకలోపాలు రాసే రిజిస్టర్లు తెరిచాయి. అమెరికాలో అట్లాంటా చుట్టుపక్కల 1967లో మొదలైంది. 1974లో పలు దేశాల రిజిస్టర్లు ఒక గొడుగు కిందికి వచ్చాయి.

మన దేశంలో 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది. మొర్రి, వంకర పాదాలు, గుండె లోపం, వెన్నుపూస చీలిక వంటి తొమ్మిదింటిని పుట్టగానే గుర్తించాలన్నది అందులో ఒక భాగం. కాన్పు గదిలో బిడ్డను తల నుంచి మడమ దాకా చూడాలి, అంగిలి చూడాలి, బోర్లా తిప్పి వీపు చూడాలి. తర్వాత ఆశా కార్యకర్త ఇంటికెళ్లినప్పుడు ఆరు వారాల దాకా చూస్తుంది. వంకర పాదాలు తొలి వారాల్లో దొరికితే వారం వారం పిండికట్లు మారుస్తూ చాలావరకు సరిచేయొచ్చు.

నాకు బాధ కలిగించేది ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్ర సంగతి. పిండంలో వెన్నుపాముగా మారే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది; మూసుకోకపోతే వెన్నుపూస చీలిక వస్తుంది. నెల తప్పిందని తెలిసి, ఏఎన్ఎం దగ్గర పేరు రాయించుకుని మాత్ర అందుకునేసరికి ఆ గడువు దాటిపోతుంది. అలాంటి లోపమున్న బిడ్డను ఒకసారి కన్న తల్లి ఈ మాత్ర ముందునుంచీ వేసుకుంటే, అలాంటి బిడ్డ మళ్లీ పుట్టే ముప్పు 72 శాతం తగ్గుతుందని 1991లోనే బ్రిటన్ పరిశోధన తేల్చింది. మన ఇళ్లలో పెళ్లికి పట్టుచీర కొంటారు, ఈ మాత్ర మాట ఎవరూ ఎత్తరు. మేనరికాల్లో కొన్ని జన్యులోపాల ముప్పు పెరుగుతుందన్న మాటా అంతే.

చనిపోయి పుట్టిన బిడ్డ సంగతి మరీ కష్టం. శృంగవరపుకోట కొండ మీది గూడెం నుంచి డోలీలో దింపుతుండగానే కాన్పయిపోతే, ఆ పసిదాన్ని గుడ్డలో చుట్టి సాయంత్రానికి పూడ్చేస్తారు. వీపు ఎలా ఉందో చూసేవాళ్లుండరు. రెండో కాన్పుకు వచ్చినప్పుడు ఆ తల్లి కార్డులో ఒక్క ముక్కే ఉంటుంది: మొదటి బిడ్డ లేదు.