సంఘటనకూ తెరకూ మధ్య కరిగిపోయిన వ్యవధి: టీవీ వార్తల రూపం మారుతూ వచ్చిన క్రమం

టీవీ వార్తల రూపం మరోసారి మారుతోంది. బల్ల వెనక కూర్చుని అరగంట సేపు వార్తలు చదివే పద్ధతి వెనక్కి జరిగి, గోడంత తెరల ముందు అటూ ఇటూ నడుస్తూ వివరించే యాంకర్లు, ఒకే అంశం మీద గంటసేపు సాగే చర్చలు, ఫోన్‌ను నిలువుగా పట్టుకుని చూసేవారి కోసం ఒకటి రెండు నిమిషాల్లో ముగిసే వీడియోలు, కొన్ని చోట్ల కృత్రిమ మేధతో తయారైన యాంకర్ బొమ్మలు ముందుకు వచ్చాయి. వీటిని పైపై హంగులుగా భావించి పక్కన పెట్టేవారు చాలామంది ఉన్నారు. కానీ టీవీ వార్తల చరిత్రను మొదటి నుంచి పరిశీలిస్తే, ప్రదర్శన తీరు మారిన ప్రతిసారీ దాని వెనక ఒక కొత్త పరికరమో, ఒక కొత్త పోటీదారో ఉండటం, ఆ మార్పుతోపాటు సంఘటన జరగడానికీ అది తెర మీదికి రావడానికీ మధ్య ఉండే వ్యవధి ఇంకొంత తగ్గిపోవడం స్పష్టంగా కనిపిస్తుంది. వార్తను సరిచూసే పని జరిగేది ఆ వ్యవధిలోనే కాబట్టి ఈ చరిత్రను గుర్తు చేసుకోవలసిన అవసరం ఉంది.

బ్రిటన్‌లో బీబీసీ 1936 నవంబరు 2న లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి క్రమబద్ధమైన టీవీ ప్రసారాలు మొదలుపెట్టినప్పుడు దానికి సొంత వార్తా చిత్రాలు లేవు. సినిమా హాళ్ల కోసం గోమాంట్, మూవీటోన్ సంస్థలు తీసిన న్యూస్‌రీళ్లనే, అంటే చిన్న వార్తా చిత్రాలనే, తెచ్చి చూపేది. యుద్ధం ముగిసి ప్రసారాలు తిరిగి మొదలయ్యాక 1948 జనవరిలో సొంత న్యూస్‌రీల్ వచ్చింది. రోజువారీ టీవీ బులెటిన్ మాత్రం 1954 జులై 5న గానీ ఆరంభం కాలేదు. అందులోనూ న్యూస్ రీడర్ రిచర్డ్ బేకర్ గొంతు వినిపించేది, మనిషి కనిపించేవాడు కాడు. నిశ్చల చిత్రాలు, పటాలు తెర మీద కదులుతుంటే వార్త వెనక నుంచి సాగేది. చదివేవారి ముఖం కనిపిస్తే కనుబొమ్మల కదలికలోనో పెదవుల మీది చిన్న నవ్వులోనో వారి అభిప్రాయం బయటపడి వార్త నిష్పక్షపాతం దెబ్బతింటుందని బీబీసీ వార్తా విభాగం పెద్దలు భయపడ్డారు. ఈ భయాన్ని ఈనాడు విని తేలికగా తీసుకోకూడదు. చదివే మనిషి హావభావాలు వార్త అర్థాన్ని మార్చగలవన్న వారి అంచనా ఎంత నిజమో తర్వాతి దశాబ్దాలే చూపించాయి.

ఆ పట్టుదలను సడలించింది పోటీ. ప్రైవేటు ప్రసారాల కోసం ఏర్పాటైన ఐటీఎన్ 1955 సెప్టెంబరు 22న తన మొదటి బులెటిన్ ఇవ్వబోతోందని, అందులో పేరున్న మనుషులు నేరుగా కెమెరాలోకి చూస్తూ తమ ధోరణిలో వార్తలు చెప్పబోతున్నారని తెలిసి, బీబీసీ కొద్ది వారాల ముందే తన న్యూస్ రీడర్ల ముఖాలను తెర మీదికి తెచ్చింది. పశ్చిమ జర్మనీలోనూ ఇదే క్రమం నడిచింది. 1952 డిసెంబరు 26న మొదలైన టాగెస్‌షౌ అనే వార్తా బులెటిన్ చాలాకాలం బొమ్మల మీద గొంతుతోనే నడిచి, 1959లో గానీ కార్ల్ హైంజ్ క్యోప్కే రూపంలో మొదటి ముఖాన్ని చూపలేదు.

అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ టీవీ మొదటి నుంచీ ప్రకటనల డబ్బుతో నడిచింది కాబట్టి మనిషి కనిపించడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. 1949లో ఎన్‌బీసీ నెట్‌వర్క్ ప్రారంభించిన పదిహేను నిమిషాల బులెటిన్ పేరులోనే దాన్ని పోషించిన సిగరెట్ కంపెనీ బ్రాండ్ ఉండేది. 1956లో అదే సంస్థ న్యూయార్క్‌లో చెట్ హంట్లీని, వాషింగ్టన్‌లో డేవిడ్ బ్రింక్లీని కూర్చోబెట్టి ఇద్దరి మధ్య వార్తను నడిపించింది. ఇప్పుడు ప్రతి చానెల్లో కనిపించే రెండు కిటికీల తెరకు మూలాలు ఇలాంటి ఏర్పాట్లలోనే ఉన్నాయి. 1963 సెప్టెంబరు 2న వాల్టర్ క్రాంకైట్ నడిపే పోటీ నెట్‌వర్క్ సీబీఎస్ బులెటిన్ అరగంటకు పెరిగింది. సరిగ్గా వారానికి, సెప్టెంబరు 9న, ఎన్‌బీసీ కూడా అదే బాట పట్టింది. ఆ నవంబరులో అధ్యక్షుడు కెనడీ హత్య జరిగాక నాలుగు రోజులపాటు నెట్‌వర్కులు మిగతా కార్యక్రమాలన్నీ ఆపేసి వార్తలే ప్రసారం చేయడంతో, దేశం మొత్తానికి ఒకేసారి సమాచారం అందించే స్థానం టీవీదే అయింది.

ఆ రోజుల్లో ఒక వార్తా దృశ్యం తెర మీదికి ఎలా వచ్చేదో కాస్త దగ్గరగా చూడాలి. కెమెరామన్ 16 ఎంఎం ఫిల్ము మీద చిత్రీకరించిన రీలును డబ్బాలో పెట్టి మోటారు సైకిలు మీద మనిషితో పంపేవారు. స్టేషన్‌లోని ల్యాబ్‌లో దాన్ని రసాయనాల్లో కడిగి ఆరబెట్టాలి. ఎడిటర్ చిన్న వ్యూయర్‌లో చూసుకుంటూ కావలసిన ముక్కలు కత్తిరించి, అతికించి, ఫిల్మును టీవీ ప్రసారానికి మార్చే టెలిసినీ యంత్రానికి ఎక్కించాలి. వియత్నాం యుద్ధ దృశ్యాలైతే విమానంలో సముద్రాలు దాటి రావలసిందే. ఫిల్ము ల్యాబ్‌లో ఉన్నంతసేపూ డెస్కులో స్క్రిప్టు రాసే మనిషి ఫోన్ తీసుకుని పేర్లు, అంకెలు, హోదాలు సరిచూసుకునేవాడు. ఎవరూ ప్రత్యేకంగా కోరి ఏర్పరచిన సమయం కాదది, రసాయనాలు ఇచ్చిన సమయం. కానీ సంపాదకత్వం అనే పని చాలావరకు ఆ సమయంలోనే జరిగేది.

1970 దశకంలో వీడియో క్యాసెట్లు, భుజం మీద మోసుకెళ్లే ఎలక్ట్రానిక్ కెమెరాలు, మైక్రోవేవ్ లింకు ఉన్న వ్యాన్లు వచ్చాక కడగడం, ఆరబెట్టడం అన్న దశ మాయమైంది. 1974 మే 17న లాస్ ఏంజెలస్‌లో పోలీసులకూ ఒక సాయుధ బృందానికీ మధ్య జరిగిన కాల్పులను, ఇల్లు తగలబడిపోయేదాకా, అక్కడి కేఎన్ఎక్స్‌టీ స్టేషన్ కెమెరా ద్వారా ప్రేక్షకులు లైవ్‌లో చూశారు. ఆ క్షణంలో ఏం జరుగుతోందో చూపుతున్నవారికీ పూర్తిగా తెలియదు. చూస్తున్నదాన్ని చూస్తుండగానే మాటల్లో పెట్టడం రిపోర్టర్ పనిలో భాగమైంది.

ఇదే కాలంలో సాంకేతికతతో నేరుగా సంబంధం లేని మరో మార్పు కూడా జరిగింది, నా దృష్టిలో దాని ప్రభావం తక్కువేమీ కాదు. ఫిలడెల్ఫియాలో 1965లో ఆల్ ప్రైమో రూపొందించిన ఐవిట్‌నెస్ న్యూస్ నమూనాలో రిపోర్టర్లు తమ వార్తను తామే తెర మీద చెప్పడం మొదలుపెట్టారు. కొన్నేళ్లకే ఆ నమూనా న్యూయార్క్ చేరింది. యాంకర్, వాతావరణం చెప్పేవారు, క్రీడలు చెప్పేవారు పరస్పరం పలకరించుకుంటూ సాగే కుటుంబ వాతావరణం స్థానిక స్టేషన్లన్నిటికీ పాకింది. ప్రేక్షకులకు ఏది నచ్చుతుందో సర్వేలు చేసి చెప్పే సలహా సంస్థలు న్యూస్‌రూమ్‌లోకి ప్రవేశించాయి. ఏ వార్త ముందు రావాలన్న నిర్ణయంలో మొదటిసారిగా సంపాదకుడి పక్కన మరొకరికి కుర్చీ దొరికింది. మరో నెట్‌వర్క్ ఏబీసీలో క్రీడా ప్రసారాలకు కొత్త రూపం తెచ్చిన రూన్ ఆర్లెడ్జ్ వార్తా విభాగం పగ్గాలు కూడా చేపట్టి, 1978లో వాషింగ్టన్, షికాగో, లండన్ నగరాల్లో ముగ్గురు యాంకర్లతో బులెటిన్ నడిపించడం, క్రీడల్లో వాడిన వేగాన్నీ గ్రాఫిక్స్‌నూ వార్తలకు తేవడం ఈ ధోరణికి పరాకాష్ఠ.

వేగం పెరిగితే మాట తగ్గింది. అమెరికా అధ్యక్ష ఎన్నికల వార్తల్లో అభ్యర్థి గొంతు ఎడతెగకుండా ఎంతసేపు వినిపిస్తుందో పరిశోధకుడు డేనియల్ హాలిన్ లెక్కగట్టారు. 1968లో సగటున దాదాపు 43 సెకన్లు ఉన్న బైట్ 1988 నాటికి సుమారు 9 సెకన్లకు పడిపోయింది. 43 సెకన్లలో ఒక వాదన చెప్పవచ్చు, దానికి కారణం కూడా చెప్పవచ్చు. 9 సెకన్లలో నినాదం మాత్రమే పడుతుంది. అందుకే నాయకులు మాట్లాడే తీరు కూడా కాలక్రమంలో ఆ కొలతకు సర్దుకుంది.

1980 జూన్ 1న టెడ్ టర్నర్ సీఎన్ఎన్‌ను ప్రారంభించడంతో బులెటిన్ అన్న భావనే కదిలిపోయింది. బులెటిన్‌కు మొదలూ చివరా ఉంటాయి. ఈ రోజు ఇవి ముఖ్యం, మిగతావి కావు అన్న తీర్పు దాని నిడివిలోనే ఉంటుంది. ఇరవై నాలుగు గంటల ప్రసారంలో ఆ తీర్పు ఇవ్వవలసిన అవసరం తగ్గి, ఖాళీ సమయాన్ని నింపవలసిన అవసరం పెరిగింది. 1991 జనవరిలో గల్ఫ్ యుద్ధం మొదలైన రాత్రి బెర్నార్డ్ షా, పీటర్ ఆర్నెట్, జాన్ హాలిమన్ బాగ్దాద్‌లోని అల్ రషీద్ హోటల్ నుంచి బాంబుల మోత మధ్య ఫోన్‌లో చెప్పిన వార్తలను ప్రపంచమంతా విన్నది. ఆ విజయం చూశాక అనేక దేశాల్లో ఇలాంటి చానెళ్లు పుట్టుకొచ్చాయి. బ్రిటన్‌లో స్కై న్యూస్ 1989లోనే మొదలై ఉంది. 1996లో ఎంఎస్ఎన్‌బీసీ, ఫాక్స్ న్యూస్, అల్ జజీరా, 1997లో బీబీసీ న్యూస్ 24 వచ్చాయి. యుద్ధాలు, విపత్తులు రోజూ ఉండవు. రిపోర్టర్లను ఊళ్లకు పంపి ప్యాకేజీలు, అంటే దృశ్యాలతో కూర్చిన కథనాలు, చేయించడానికి ఖర్చు ఎక్కువ, నలుగురు అతిథులను స్టూడియోలో కూర్చోబెట్టి మాట్లాడించడానికి తక్కువ. ప్రైమ్ టైమ్ డిబేట్లు ఇంతగా విస్తరించడానికి ప్రేక్షకుల అభిరుచిని ఒక్కదాన్నే కారణంగా చూపడం సరికాదు, ఈ ఆర్థిక లెక్క దానికి కనీసం అంత బలమైన కారణం.

తెర నిండిపోయిన క్రమం కూడా ఇదే కాలానిది. 2001 సెప్టెంబరు 11 దాడుల రోజున, ఒక్క యాంకర్ గొంతుతో చెప్పలేనంత సమాచారం వచ్చిపడుతుండటంతో అమెరికా వార్తా చానెళ్లు తెర అడుగున స్క్రోలింగ్ మొదలుపెట్టాయి. ఆ అత్యవసర స్థితి ముగిసినా స్క్రోలింగ్ పోలేదు. దాని పైన శీర్షిక పట్టీ, మూలన లైవ్ అన్న అక్షరాలు, పక్కన గడియారం, అతిథుల కిటికీలు చేరి, మాట్లాడే మనిషికి తెరలో సగం కూడా మిగలని స్థితి అనేక చానెళ్లలో వచ్చింది. ముఖ్యమైన రోజు కోసం పుట్టిన బ్రేకింగ్ న్యూస్ ఎర్ర పట్టీ ప్రతి గంటా కనిపించడం మొదలయ్యాక, నిజంగా ముఖ్యమైనది జరిగినప్పుడు దాన్ని వేరుగా గుర్తించే మార్గం ప్రేక్షకుడికి లేకుండా పోయింది.

స్టూడియో రూపం మారిన కథను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1997లో బ్రిటన్‌లోని చానెల్ 5 వార్తల్లో కిర్స్టీ యంగ్ బల్ల వెనక కూర్చోకుండా దాని అంచుకు ఆనుకుని, నిలబడి వార్తలు చెప్పినప్పుడు అది పెద్ద చర్చ అయింది. నేడు కూర్చుని చదివేవారే తక్కువ. 2008 అమెరికా ఎన్నికల్లో సీఎన్ఎన్ విలేకరి జాన్ కింగ్ తాకితే కదిలే పెద్ద తెర మీద కౌంటీల వారీగా ఫలితాలను విడమరచి చూపడం ప్రదర్శన వార్తకు నిజంగా మేలు చేసిన సందర్భాల్లో ఒకటి. అదే రాత్రి దూరాన ఉన్న రిపోర్టర్‌ను స్టూడియోలో నిలబడినట్టు చూపిన హోలోగ్రామ్ ప్రయోగం ఏ కొత్త విషయమూ చెప్పలేదు, తర్వాత నిలవనూ లేదు.

ఎన్నికల రాత్రుల ప్రస్తావన వచ్చింది కాబట్టి రెండు సందర్భాలను పక్కపక్కన ఉంచాలి. 1952లో సీబీఎస్ మొదటిసారి యూనివాక్ కంప్యూటర్‌ను వాడినప్పుడు, కొద్దిపాటి ఓట్ల లెక్కతోనే అది అధ్యక్ష అభ్యర్థి ఐసెన్‌హోవర్‌కు భారీ విజయాన్ని సూచించింది. పోటీ హోరాహోరీగా ఉంటుందన్నది అప్పటి అంచనా కావడంతో ఆ జోస్యాన్ని నమ్మలేక బయటపెట్టలేదు. చివరికి యంత్రం చెప్పిందే నిజమైంది, ఆ సంగతిని అదే రాత్రి ఒప్పుకున్నారు. 2000 నవంబరు 7న అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడా రాష్ట్రాన్ని మొదట అల్ గోర్ గెలిచినట్టు నెట్‌వర్కులు ప్రకటించి, వెనక్కి తీసుకుని, తెల్లవారుజామున బుష్ గెలిచినట్టు ప్రకటించి, దాన్నీ వెనక్కి తీసుకున్నాయి. ఆగినందువల్ల ఎవరికీ నష్టం జరగలేదు. తొందర వల్ల ఒక దేశం మొత్తం ఒకే రాత్రి రెండుసార్లు తప్పుదారి పట్టింది.

2005 జులై 7న లండన్ రైళ్లలో బాంబులు పేలినప్పుడు సొరంగాల్లోని ప్రయాణికులు ఫోన్లతో తీసిన దృశ్యాలు బులెటిన్లలో కనిపించాయి. అప్పటి నుంచి మొదటి విజువల్స్ చానెల్ కెమెరా నుంచి రావాలన్న నియమం లేదు. మొబైల్ నెట్‌వర్కుల ద్వారా ప్రసారం పంపే బ్యాక్‌ప్యాక్ పరికరాలు బయటి నుంచి ప్రసారం పంపే ఓబీ వ్యాన్ అవసరాన్ని బాగా తగ్గించాయి. ప్రేక్షకుడు ఫోన్‌లోకి మారడంతో వార్తా సంస్థలూ అక్కడికి వెళ్లాయి. ఎన్‌బీసీ 2017లో స్నాప్‌చాట్ కోసం ప్రత్యేక వార్తా కార్యక్రమం తెచ్చింది. రాత్రి ఎనిమిది గంటలకు పదిహేను నిమిషాల బులెటిన్ అన్న పద్ధతిని ఇప్పటికీ వదలని టాగెస్‌షౌ 2019లో టిక్‌టాక్‌లో చేరింది. పాత బులెటిన్‌ను చెడగొట్టకుండా కొత్త చోటికి వేరే రూపం తయారు చేసుకోవడం సాధ్యమేనని ఆ ఉదాహరణ చూపుతోంది. 2018 నవంబరులో చైనా వార్తా సంస్థ షిన్హువా, సోగో కంపెనీతో కలిసి కృత్రిమ మేధ యాంకర్‌ను ప్రదర్శించింది. రాసి ఇచ్చిన వాక్యాన్ని చదవడం వరకే దాని పని. అనుమానం వచ్చి ఆగే మనిషి, ప్రాంప్టర్‌లో పేరు తప్పుగా ఉందని పట్టుకునే మనిషి ఆ కుర్చీలో ఉండడు.

ఇటీవలి నిర్ణయాల్లో రెండు వ్యతిరేక దిశలు ఒకే సంస్థలో కనిపిస్తున్నాయి. 1980 నుంచి లోతైన పరిశోధన కథనాలకు పేరుపడ్డ న్యూస్‌నైట్ కార్యక్రమాన్ని బీబీసీ 2024లో అరగంటకు కుదించి, దాని సొంత రిపోర్టింగ్ బృందాన్ని తీసేసి ఇంటర్వ్యూలకూ చర్చలకూ పరిమితం చేసింది. అంతకు ఏడాది ముందు, 2023 మేలో, అదే బీబీసీ వెరిఫై పేరుతో ఒక విభాగాన్ని తెర మీదికి తెచ్చింది. వైరల్ అయిన ఒక వీడియోలోని భవనాలను ఉపగ్రహ చిత్రాలతో పోల్చి, నీడల పొడవును బట్టి సమయాన్ని అంచనా వేసి, ఆ దృశ్యం ఎక్కడిది, ఎప్పటిది అన్నది ఎలా నిర్ధారించుకున్నారో రిపోర్టర్ ప్రేక్షకుడి ఎదుటే వివరిస్తాడు. ఫిల్ము కడిగే గంటలో డెస్కు వెనక కనిపించకుండా జరిగిన పని ఇక్కడ బులెటిన్‌లో ఒక అంశంగా మారింది. ఇందుకు శిక్షణ పొందిన మనుషులు, ఒక వీడియో మీద గంటల తరబడి కూర్చునే వెసులుబాటు కావాలి, ఆ స్థోమత ఉన్న సంస్థలు తక్కువ. రిపోర్టింగ్ సిబ్బందిని తగ్గించుకుంటూ స్టూడియో తెరల మీద పెట్టుబడి పెంచుకుంటున్న చానెళ్లు ఈ ఖర్చును ఏ ఖాతాలో చూపుతాయన్నదాన్ని బట్టే రాబోయే బులెటిన్ల నాణ్యత ఉంటుంది.