ఓమెర్, హోమెర్: ఒక్క హకారంతో వంద రెట్ల తేడా

1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ ఇంగ్లిష్ బైబిల్‌లో యెషయా 5వ అధ్యాయం 10వ వచనం ఒక శాపం. హోమెరెడు విత్తనాలు చల్లితే ఏఫాడు గింజలే పండుతాయన్నది దాని భావం. ఇవి ధాన్యం కొలిచే పాత కొలతలు, పది ఏఫాలైతే ఒక హోమెర్. అంటే చల్లినదాంట్లో పదో వంతే ఇంటికి చేరుతుంది, విత్తనమే మునిగిపోతుంది. అదే చోట హోమెర్‌ను ఓమెర్ అనుకుని చదివితే? ఓమెర్ ఏఫాలో పదో వంతు. ఒక పాలు చల్లితే పది పాళ్లు పండినట్టు. శాపం కాస్తా దీవెనగా మారిపోతుంది!

ఈ రెండూ హీబ్రూ మాటలే. బైబిల్ అనువాదాలతో ఇంగ్లిష్‌లోకి వచ్చి, నిఘంటువుల్లో పాత కొలతల పేర్లుగా నిలిచాయి. హీబ్రూలో వీటికి తికమక లేదు. ఓమెర్ 'ఆయిన్' అనే అక్షరంతో మొదలవుతుంది, హోమెర్ 'ఖేత్' అనే అక్షరంతో. ఆయిన్ గొంతు లోపలినుంచి వచ్చే ధ్వని. ఇంగ్లిష్‌లో అలాంటిది లేదు కాబట్టి దాన్ని రాయకుండా వదిలేశారు. గరగరలాడే ఖేత్‌ను హకారంగా మార్చారు. ఆ హకారమైనా గట్టిగా నిలబడిందా అంటే అదీ లేదు. 1611 ప్రతిలో రెండు మాటల ముందూ అచ్చులకు వాడే 'ఆన్' ఉంటుంది: ఆన్ ఓమెర్, ఆన్ హోమెర్. పైకి చదివితే చెవికి తేడా అందడం కష్టం. ఇంకా పాతదైన గ్రీకు అనువాదం నిర్గమకాండంలోని ఓమెర్‌నూ, యెహెజ్కేలులోని హోమెర్‌నూ ఒకే విధంగా 'గొమోర్' అని రాసింది.

సందేహం వస్తే కొలిచే వస్తువును చూడాలి. ఒక మనిషి రోజు తిండి అయితే ఓమెర్. నిర్గమకాండం 16లో ఇశ్రాయేలీయులు ఎడారిలో దొరికిన మన్నా అనే ఆహారాన్ని తలకు ఓమెర్ చొప్పున ఏరుకున్నారు (తెలుగు బైబిల్ కూడా ఓమెరు అనే రాసింది). పొలం పంటో పెద్ద రాశో అయితే హోమెర్. గాడిదను హీబ్రూలో హమోర్ అంటారు. హోమెర్ ఆ మాటకు చుట్టమనీ, ఒక గాడిద మోసే బరువనీ చెబుతారు. ఏఫాను 22 లీటర్లుగా తీసుకుంటే ఓమెర్ 2.2 లీటర్లు, హోమెర్ 220 లీటర్లు. లీటర్ల లెక్క మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు, ఏఫాను ఇంకా పెద్దదిగా లెక్కించేవారూ ఉన్నారు. నిష్పత్తులు మాత్రం మూలగ్రంథంలోనే ఉన్నాయి: ఓమెర్‌కు నిర్గమకాండం 16:36, హోమెర్‌కు యెహెజ్కేలు 45:11. అందుకే ముందు నిష్పత్తి చూసుకుని, తర్వాతే లీటర్లలోకి మార్చుకోవాలి.

ద్రవాల కొలతల్లో మరో చిక్కుంది. ఏఫాకు సమానమైన ద్రవ కొలత బాత్. అందులో ఆరో వంతు హిన్, హిన్‌లో పన్నెండో వంతు లాగ్. బాత్, లాగ్ అన్నవి అక్షరం తేడా లేకుండా ఇంగ్లిష్‌లో స్నానానికీ మొద్దుకూ వాడే మాటల్లాగే ఉంటాయి. లేవీయకాండం 14లో కనిపించే లాగ్ నూనె సుమారు 0.3 లీటరు, అంతే.

తూకాల్లో షెకెల్ అందరికీ తెలిసినదే. యెహెజ్కేలు లెక్కలో ఒక షెకెల్‌కు 20 గేరాలు. యూదా ప్రాంతపు తవ్వకాల్లో దొరికిన రాతి తూనికలను బట్టి షెకెల్ దాదాపు 11.3 గ్రాములు. మన తులం 11.66 గ్రాములు. తెలుగు బైబిల్‌లో అబ్రాహాము శ్మశానభూమికి ఇచ్చిన వెండిని 400 తులాలని రాయడం బరువు పరంగా చాలా చక్కగా కుదిరింది.

అన్నిటికన్నా విచిత్రం 'పిమ్' కథ. ఈ మాట హీబ్రూ బైబిల్ మొత్తంలో ఒక్కచోటే, మొదటి సమూయేలు 13:21లో వస్తుంది. ఇశ్రాయేలీయులు నాగటి కర్రులూ గొడ్డళ్లూ పదును పెట్టించుకోవడానికి ఫిలిష్తీయుల దగ్గరికి వెళ్లే సందర్భమది. పోల్చి చూడటానికి ఇంకో వాడుక లేకపోవడంతో 1611 అనువాదకులు దాన్ని 'ఆకురాయి' అని ఊహించారు. పదును పెట్టే చోట ఆకురాయి ఉంటుందనుకోవడం సహజమే. 20వ శతాబ్దంలో 'పిమ్' అని హీబ్రూ అక్షరాలు చెక్కిన చిన్న రాతి తూనికలు బయటపడ్డాయి. ఒక్కోటి సుమారు 7.8 గ్రాములు, అంటే షెకెల్‌లో మూడింట రెండు వంతులు. అది పనిముట్టు కాదు, పదును పెట్టినందుకు తీసుకునే కూలి. ఇప్పటి ఇంగ్లిష్ అనువాదాలు చాలావాటిలో ఆకురాయి పోయి, ఆ కూలి ధరే కనిపిస్తుంది.