డబ్బా పెద్దదైతే లాభం పెద్దదా? గేమ్ షాపువాడి అపోహలు - వాస్తవాలు

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర వీడియో గేమ్ షాపు పెట్టి పన్నెండేళ్లయింది. వచ్చినవాళ్లలో సగం మంది నా గల్లాపెట్టె లెక్క నాకే చెబుతారు.

అపోహ: టీవీకి పెట్టే కన్సోల్ (గేములాడే డబ్బా) ఖరీదెక్కువ, అందుకే లాభమూ ఎక్కువ.

"యాభై వేల డబ్బా అమ్మేవు కదా, పదివేలైనా మిగల్లేదేటి?" అంటాడు పక్క టీకొట్టు మామ. నా సంగతి సరే, తయారుచేసినవాడికే మిగలని రోజులున్నాయి. 2006లో సోనీ ప్లేస్టేషన్ 3ని అమెరికాలో 499, 599 డాలర్లకు వదిలింది. తయారీ ఖర్చు అంతకు మించి అయింది. ఆ ఆర్థిక సంవత్సరం గేమ్ విభాగం నష్టం 23 వేల కోట్ల యెన్‌లు దాటింది. డబ్బా మీద పోయింది గేముల మీద, బయటి కంపెనీలు కాపీకింత అని కట్టే రాయల్టీ మీద రాబట్టుకోవాలి. నాకూ అంతే: కవరు, రెండో కంట్రోలరు, పాత డిస్కుల మీదే నాలుగు రూపాయలు.

అపోహ: అయితే చేతిలో పట్టుకు ఆడేవే లాభం, ఎక్కువ అమ్ముడవుతాయి కదా.

అమ్ముడవుతాయి, నిజమే. నింటెండో డీఎస్ 15.4 కోట్లు పోయింది, అదే కంపెనీది, టీవీకి పెట్టి ఆడే వీ (Wii) 10.16 కోట్లు. కానీ 2009 మార్చితో ముగిసిన ఏడాది లెక్క చూడండి. అప్పటికి జనం దగ్గరకు చేరిన డీఎస్‌లు 10 కోట్ల పైమాట, వీ మెషిన్లు 5 కోట్లు. ఆ ఏడాది డీఎస్ గేములు 19.7 కోట్లు అమ్ముడైతే, వీ గేములు 20.5 కోట్లు! సగం మెషిన్లతో ఎక్కువ గేములు, పైగా ఒక్కో వీ గేము ధర కూడా ఎక్కువ. ఎందుకంటే నాకు తోచింది ఇది: ఒకే ఇంట్లో ముగ్గురు గుంటలకు మూడు డీఎస్‌లు ఉన్నా, గేము ఒకటి కొని మార్చుకు ఆడతారు. దానికి తోడు డీఎస్‌లో దూర్చే ఆర్4 అనే కార్డులొచ్చాయి, డబ్బు కట్టకుండా దించుకున్న కాపీ గేములన్నీ అందులోనే.

చిన్న మెషిన్‌లో నష్టం రాదనీ అనుకోకండి. 2011 మార్చిలో అమెరికాలో 249.99 డాలర్లకు దిగిన త్రీడీఎస్ (డీఎస్ తర్వాత నింటెండో తెచ్చిన చేతి మెషిన్) ఆగస్టుకల్లా 169.99కి పడిపోయింది. ఖర్చుకన్నా తక్కువకే అమ్మారు. యెన్ బలపడి బయటి దేశాల రాబడి యెన్‌లలో తగ్గడం కూడా కలిసి, 2012 మార్చికి నింటెండో నష్టం చూపింది. అధ్యక్షుడు ఇవాటా తన జీతంలో సగం కోసుకున్నారు.

(నావరకు, పెట్టిన రూపాయికి ఎక్కువ తెచ్చింది సిరిమాను పండక్కి బల్ల మీద పోసి అమ్మే బ్రిక్ గేములే, అంటే ఇటుకలు పేర్చే ఆట ఉండే చౌక చేతి మెషిన్లే. ఇది ఎవరూ నమ్మరు.)

అపోహ: ఫోన్లొచ్చాక చేతి గేములు చచ్చిపోయాయి.

2017లో వచ్చిన నింటెండో స్విచ్ అమ్మకం 15 కోట్లు దాటింది. చేతిలోనూ ఆడొచ్చు, డాకులో (టీవీకి కలిపే స్టాండు) పెడితే టీవీలోనూ ఆడొచ్చు. మామ టీ గ్లాసు పెడుతూ అడిగాడు: "మరి దీన్ని ఏ ఖాతాలో రాస్తావు?" ఇంకా రాయలేదు. దాంతోపాటు కొన్న స్క్రీన్‌గార్డు మాత్రం ఆ రోజే రాసేను.